తోట రైలు ఇంజిను మొరాయిస్తే: యాంత్రిక లోపాలను వరుసగా పట్టుకుని సరిచేసే పద్ధతి

పెరట్లోనో మేడ మీదనో 45 మి.మీ. గేజి (రెండు పట్టాల మధ్య దూరం) పట్టాలు వేసుకుని రైళ్ళు నడుపుతున్న విశాఖ పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: నిన్నటిదాకా చక్కగా తిరిగిన ఇంజిను ఇవాళ కుదుపులతో నడుస్తోంది, లేదా మోటారు శబ్దం వస్తున్నా చక్రం కదలడం లేదు; పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ మార్గదర్శి విద్యుత్ మోటారుతో నడిచే ఇంజిన్ల కోసం రాసింది. పైకి ఆవిరి ఇంజినులా కనిపించినా, డీజిల్ ఇంజినులా కనిపించినా లోపల ఉండేది మోటారు, వర్మ్ గేరు (స్క్రూ మరలా ఉండే గేరు), ఇరుసు మీది పళ్ళచక్రమే కాబట్టి పద్ధతి రెండింటికీ ఒకటే. నిజమైన ఆవిరితో నడిచే ఇంజిన్ల బాయిలరు, బర్నరు సంగతి ఇందులో లేదు.

మొదటినుంచి చివరిదాకా పాటించవలసిన వరుస ఒకటుంది. బయటినుంచి లోపలికి వెళ్ళాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకూడదు. మోటారు పోయిందని నిర్ణయించుకుని విప్పిన ఇంజిన్లలో చాలావాటికి మోటారు బాగానే ఉంటుంది. లోపం దాని తరువాత ఎక్కడో ఉంటుంది.

1. విప్పకముందు సిద్ధం చేసుకోవలసినవి

బల్ల మీద తెల్లటి తువ్వాలు పరవండి. జారిపడిన స్క్రూ దాని మీద దొర్లిపోదు, చిన్న వాషరు కూడా కంటికి ఆనుతుంది. ఫ్యాను ఆపండి. ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గరైతే ఆ వైపు కిటికీలు మూసెయ్యండి, ఎందుకంటే విప్పిన గేరు పెట్టెలోకి చేరిన సన్నని ఇసుక గ్రీజుతో కలిసి ఆకురాయిలా పళ్ళను అరగదీస్తుంది.

- ఇంజినును తలకిందులుగా నిలబెట్టడానికి రెండు స్పాంజి దిమ్మలు
- స్క్రూ తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు, చిన్న బాక్సు స్పానర్లు, అలెన్ కీలు
- వెర్నియర్ కాలిపర్, చిన్న రసమట్టం, మల్టీమీటర్
- వోల్టులు, ఆంపియర్లు రెండూ చూపించే డీసీ సరఫరా పెట్టె
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, పాత టూత్ బ్రష్, సన్నని పట్టకారు
- కుట్టుమిషన్ నూనె, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు, సూదిగల సిరంజి
- స్క్రూల కోసం గళ్ళ డబ్బా, సన్నని మార్కర్ పెన్ను, ఫోను కెమెరా

ఒక్కొక్క భాగం విప్పేముందు ఒక ఫోటో, విప్పిన తరువాత ఒక ఫోటో తీయండి. వైర్ల రంగులు, వాషర్ల వరుస, స్క్రూల పొడవు ఫోటోలో స్పష్టంగా పడాలి. పొడవు స్క్రూ పొట్టి స్క్రూ రంధ్రంలో బిగిస్తే అది లోపలి గేరుకు తగలవచ్చు. అలా తగిలిన ఇంజినులో లేని లోపాన్ని గంటల తరబడి వెతకవలసి వస్తుంది.

లోపల లిథియం బ్యాటరీ ఉన్న ఇంజిను అయితే ముందుగా దాని కనెక్టరు ఊడదీసి బ్యాటరీని పక్కన పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు. స్క్రూడ్రైవర్ మొన రెండు తీగలకు ఒకేసారి తగిలితే చాలు, ప్రమాదం జరగడానికి.

2. లోపం ఇంజినుదేనా అని తేల్చుకోవడం

ఈ మెట్టు దాటవేసేవారే ఎక్కువ. పట్టాల లోపం, కరెంటు అందని లోపం, యంత్రం లోపం బయటికి ఒకేలా కనిపిస్తాయి. వీటిని వేరుచేయడానికి స్క్రూడ్రైవర్ అక్కరలేదు.

ఇంజిను ఎప్పుడూ ఒకే చోట పట్టా తప్పుతుంటే అనుమానించవలసింది పట్టాను. ఎక్కడపడితే అక్కడ తప్పుతుంటే అనుమానించవలసింది ఇంజినును. అదే చోట మరో ఇంజినునో పెట్టెనో చేత్తో నెమ్మదిగా నడిపి చూడండి. అది కూడా ఎగిరితే రసమట్టం తీసుకుని పట్టాకు అడ్డంగా, తరువాత నిలువుగా పెట్టి చూడండి. వానాకాలంలో కింది ఎర్రమట్టి కోసుకుపోయి ఒక పక్క పట్టా కుంగడం మన ఊళ్ళో మామూలే, ముఖ్యంగా కొండవాలు మీద ఉన్న పెరళ్ళలో.

మధ్యాహ్నం మాత్రమే పట్టా తప్పుతూ, పొద్దునా సాయంత్రమూ బాగా నడిచే ఇంజినును విప్పనే వద్దు. ఒకటిన్నర మీటరు పొడవైన ఇత్తడి పట్టా 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 0.85 మి.మీ. సాగుతుంది. అతుకుల దగ్గర ఆ ఖాళీ వదలకపోతే పట్టా పక్కకు వంగుతుంది. చలికాలం ఉదయం పూట అతుకులను బిగుతుగా తోసి వేసిన పట్టాలకు ఏప్రిల్ నెలలో ఈ బాధ తప్పదు.

కరెంటు సంగతి తేల్చడానికి ఇంజినును స్పాంజి మీద తలకిందులుగా పెట్టి, సరఫరా పెట్టె తీగలను నేరుగా కరెంటు తీసుకునే చక్రాలకు తాకించండి. బల్ల మీద సాఫీగా తిరిగి, పట్టా మీద ఆగి ఆగి నడిస్తే అది మురికి లోపం. పట్టాల పైభాగాన్ని, చక్రాలను, పట్టా మీద ఒరుసుకుంటూ కరెంటు లాగే పాదాలను తుడిస్తే పోతుంది. బల్ల మీద కూడా కుదుపులుంటే లోపం యంత్రంలోనే ఉందని నిర్ధారించుకోవచ్చు.

ఎక్కుడు వాలు కూడా చూసుకోండి. అరకు దారి మీది అభిమానంతో పెరట్లో నిటారు ఎక్కుడు కట్టుకున్నవారు, ఇంజినుకు బలం తగ్గిందని చెప్పుకుంటుంటారు. నూటికి మూడు వంతులకు మించిన వాలులో, అందులోనూ 600 మి.మీ. వ్యాసార్ధపు ఇరుకు వంపులో, ఆరోగ్యంగా ఉన్న ఇంజిను చక్రాలు కూడా జారతాయి. ముందు రెండు పెట్టెలు తగ్గించి చూడండి.

3. మూడు కొలతలతో లోపమున్న భాగాన్ని పట్టుకోవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ తప్పించేది ఈ మెట్టు. మోటారు ఎంత కష్టపడుతోందో అది లాగే ఆంపియర్లు చెబుతాయి. మూడు కొలతలూ ఒకే వోల్టేజి దగ్గర, ఉదాహరణకు 12 వోల్టుల దగ్గర, తీసుకోవాలి.

మొదటి కొలత: ఇంజిను మొత్తం బిగించి ఉండగా, తలకిందులుగా, ముందుకు ఒక నిమిషం, వెనక్కు ఒక నిమిషం నడిపి రెండు అంకెలూ రాసుకోండి. రెండవ కొలత: పక్కనున్న సైడ్ రాడ్లు (చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీలు) తీసేసి మళ్ళీ అదే పని. మూడవ కొలత: మోటారును గేరు పెట్టెనుంచి విడదీసి ఒంటరిగా నడపాలి.

- రాడ్లు తీయగానే అంకె బాగా తగ్గితే లోపం రాడ్లలో గాని చక్రాల కోణంలో గాని ఉంది. 6వ భాగానికి వెళ్ళండి.
- రాడ్లు తీసినా తగ్గక, మోటారు విడదీయగానే తగ్గితే లోపం గేరు పెట్టెలో, ఇరుసు బుష్‌లలో (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలలో) ఉంది. 5, 7 భాగాలు చూడండి.
- మోటారు ఒంటరిగా ఉన్నా అంకె ఎక్కువగానే ఉంటే, లేక ముల్లు ఊగుతుంటే, లోపం మోటారులోనే ఉంది. 8వ భాగం చూడండి.
- ముందుకు ఒక అంకె, వెనక్కు చాలా వేరే అంకె వస్తే వర్మ్ గేరు ముందూ వెనకా జరుగుతున్న తీరును అనుమానించండి.

ఇంజిను బాగున్న రోజున ఈ మూడు కొలతలూ తీసి నోటు పుస్తకంలో రాసి ఉంచుకున్నవారికి ఈ పని మరీ సులువు. రాసుకోనివారు ఇప్పుడు సరిచేసిన తరువాతనైనా రాసుకోవాలి. వేరొకరి ఇంజిను అంకెతో పోల్చడం వల్ల ఉపయోగం తక్కువ. మోటారును బట్టి, లైట్లను బట్టి, పొగ యూనిట్‌ను బట్టి అంకె మారిపోతుంది. కొలిచేటప్పుడు లైట్లు, పొగ యూనిట్ ఆపి ఉంచాలి.

ఇరుసు తిరగకుండా పట్టేసి ఉన్నప్పుడు కరెంటు ఇస్తూ కూర్చోకండి. ఒకటి రెండు సెకన్లలో కదలకపోతే ఆపేయాలి. కదలలేని మోటారు చాలా ఎక్కువ కరెంటు లాగి లోపలి చుట్లను కాల్చుకుంటుంది.

మరో మాట: వర్మ్ గేరున్న ఇంజినును చేత్తో తోస్తే సాధారణంగా చక్రాలు తిరగవు. వర్మ్ పళ్ళచక్రాన్ని తిప్పగలదు గాని పళ్ళచక్రం చాలా ఇంజిన్లలో వర్మ్‌ను తిప్పలేదు. అది లోపం కాదు. ఇంజిను జామ్ అయిందనుకుని బలంగా తోస్తే ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

4. శబ్దాన్ని, నడకను బట్టి గుర్తుపట్టడం

- చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కసారి “టిక్” మని వినిపిస్తే: ఇరుసు మీది పళ్ళచక్రం పగిలింది, లేదా పళ్ళ మధ్య రాయి ఇరుక్కుంది.
- మోటారు జోరుగా తిరుగుతున్నా చక్రాలు కదలకపోతే: ఇరుసు మీద పళ్ళచక్రం, లేదా మోటారు కడ్డీ మీద వర్మ్ జారుతోంది.
- సన్నని కీచు శబ్దం వస్తూ నూనె చుక్కతో కాసేపు ఆగితే: ఎండిన బుష్.
- ప్రతి చుట్టులో ఒకే చోట ఇంజిను తడబడితే: రాడ్లు పట్టేస్తున్నాయి.
- ఇంజిను పక్కలకు ఊగుతూ నడిస్తే: చక్రం వంకర, లేదా రబ్బరు టైరు గాడి తప్పింది.
- చల్లగా ఉన్నప్పుడు బాగుండి, పావుగంటకు నెమ్మదిస్తే: బిగుసుకున్న బుష్, లేదా అరిగిన కార్బన్ బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న దిమ్మలు).

శబ్దం ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే పొడుగు స్క్రూడ్రైవర్ మొనను గేరు పెట్టె గోడకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి వినండి. మోటారు సైకిల్ మెకానిక్కులు చేసే పనే ఇది. ఇక్కడ కూడా అంతే బాగా పనిచేస్తుంది.

5. చక్రాలు, ఇరుసులు

ముందుగా ఇరుసు చుట్టూ ఏముందో చూడండి. పెరట్లో నడిచే ఇంజిను కింద తల వెంట్రుక, గాలిపటం దారం, ఎండిన గడ్డి పోచ చుట్టుకుని ఉంటాయి. వెంట్రుక బుష్ పక్కన చేరి, నూనె పీల్చి, నల్లటి ఉంగరంలా బిగుసుకుంటుంది; అది వెంట్రుక అని చూడగానే తెలియదు. సూది మొనతో ఒక కొస లేపి, చుట్లు విడదీసి, పట్టకారుతో లాగాలి. బ్లేడుతో కోస్తే ఇరుసు మీద గీత పడి బుష్‌ను తినేస్తుంది.

తరువాత రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలవండి. 45 మి.మీ. గేజి మీద నడిచే చాలా నమూనాలలో ఇది 40 మి.మీ. దరిదాపులో ఉంటుంది, మీ ఇంజిను తయారీదారు ఇచ్చిన అంకె వేరైతే దానినే పాటించండి. దూరం తక్కువైతే పాయింట్ల (దారి మారే చోట్ల) దగ్గర చెక్ రైలు (చక్రాన్ని దారిలో ఉంచే లోపలి పట్టా) మీదికి చక్రం ఎక్కుతుంది, ఎక్కువైతే వంపుల్లో అంచు పట్టాను ఒరుసుకుంటుంది.

కొలత ఒక్కచోట తీసుకుంటే చాలదు. చక్రాన్ని పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల తీయండి. నాలుగూ ఒకేలా ఉండి తప్పుగా ఉంటే చక్రం ఇరుసు మీద జరిగింది. నాలుగూ వేర్వేరుగా ఉంటే ఇరుసు వంగింది, లేదా చక్రం వంకరగా కూర్చుంది. వంగిన ఇరుసును సుత్తితో సరిచేయాలని చూడకుండా మార్చడమే మేలు. కొత్త ఇరుసు దొరకకపోతే పాతదాన్ని నమూనాగా ఇచ్చి గాజువాక ఆటోనగర్ వంటి చోట లేత్ పనివారి దగ్గర తిప్పించుకోవచ్చు, కాకపోతే వ్యాసం నూరవ వంతు మిల్లీమీటరు దాకా రాసి ఇవ్వాలి.

రాడ్లున్న ఇంజినులో చక్రాన్ని ఇరుసు మీద మెలితిప్పుతూ జరపకూడదు. దూరం సరిపడుతుంది గాని కోణం చెడిపోతుంది. ఇరుసు వెంట నేరుగా మాత్రమే నొక్కాలి, లేదా లాగాలి.

రబ్బరు టైరు ఉన్న చక్రాలకు నూనె తగలనివ్వకండి. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి గాడిలోంచి బయటికి వస్తుంది. ఉబ్బినదాన్ని తీసి కొత్తది వేసేముందు గాడిని ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి.

6. సైడ్ రాడ్లు, చక్రాల కోణం

డీజిల్ నమూనాలున్నవారు ఈ భాగం వదిలి ముందుకు వెళ్ళవచ్చు. ఆవిరి నమూనాలున్నవారు మాత్రం నెమ్మదిగా చదవాలి, ఎందుకంటే తడబడే ఇంజిన్లను చేతులారా పాడుచేసుకునేది ఇక్కడే.

ఒక ఇరుసుకు రెండు వైపులా ఉన్న క్రాంక్ పిన్నులు (చక్రాలకు రాడ్లు తగిలించే పిన్నులు) ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఎడమ పిన్ను పైన ఉంటే కుడి పిన్ను ముందువైపో వెనకవైపో ఉంటుంది. ఒక వైపు రాడ్డు తోయలేని స్థితిలో ఉన్నప్పుడు రెండోవైపు రాడ్డు పూర్తి బలంతో తోసేటట్టు ఈ ఏర్పాటు. కోణం సరిగ్గా 90 డిగ్రీలు ఉందా లేదా అన్నదానికంటే, అన్ని ఇరుసులకూ ఒకే కోణం ఉందా అన్నది ముఖ్యం. ఒక్క ఇరుసు రెండు మూడు డిగ్రీలు తేడాగా ఉంటే చాలు, రాడ్డు రంధ్రం పిన్నును ప్రతి చుట్టులో ఒకచోట పట్టేస్తుంది.

వరుస ఇది:

1. రెండు వైపులా రాడ్లు తీసేయండి. ఏ రాడ్డు ఏ వైపుదో, ఏ ముఖం బయటికి ఉందో మార్కర్‌తో గుర్తుపెట్టండి.
2. మోటారుతో సంబంధం తప్పించి ఒక్కొక్క ఇరుసును వేలితో తిప్పండి. అన్నీ తేలిగ్గా తిరగాలి. తిరగనిది ఉంటే లోపం రాడ్డుది కాదు, బుష్‌ది.
3. ఒక వైపు రాడ్లు మాత్రమే బిగించి మెల్లగా తిప్పండి. పట్టేస్తే ఆ వైపు రాడ్డు వంగింది, లేదా పిన్ను వంకరగా ఉంది, లేదా రాడ్డు రంధ్రాల దూరం ఇరుసుల దూరంతో సరిపోవడం లేదు.
4. ఆ రాడ్లు తీసి రెండోవైపు మాత్రమే బిగించి మళ్ళీ చూడండి.
5. ఒక్కొక్క వైపు విడిగా సాఫీగా తిరిగి, రెండూ కలిపినప్పుడు మాత్రం పట్టేస్తే ఏదో ఒక ఇరుసు కోణం తప్పింది.
6. ఏ ఇరుసో తెలియాలంటే, మూడు ఇరుసులున్న ఇంజినులో రాడ్లు విడివిడి ముక్కలైతే ముందు రెండు ఇరుసులకు, తరువాత వెనక రెండు ఇరుసులకు బిగించి చూడండి.

ఇక్కడ చాలామంది పట్టేస్తున్న రంధ్రాన్ని గుండ్రని ఆకురాయితో పెద్దది చేస్తారు. తొలి పది నిమిషాలు ఇంజిను హాయిగా నడుస్తుంది. ఆ తరువాత వదులైన రాడ్డు ప్రతి చుట్టులో పిన్నును గుద్దుతూ, పిన్ను వదులై, చివరికి చక్రమే జారుతుంది. కోణాన్ని సరిచేయకుండా రంధ్రం జోలికి వెళ్ళకండి.

కోణం సరిచేసే ముందు ఒక్క విషయం చూసుకోవాలి. కొన్ని ఇంజిన్లలో మోటారు రెండు కొసలనున్న వర్మ్‌లు ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ కలిపే తిప్పుతాయి. వాటిలో గేరు పెట్టె విప్పి మూసేటప్పుడు ఒక ఇరుసు ఒక్క పన్ను పక్కకు కూర్చున్నా రాడ్లు పట్టేస్తాయి. అప్పుడు చక్రాన్ని మెలితిప్పవలసిన పని లేదు. ఇరుసును పైకెత్తి, రెండు ఇరుసుల పిన్నులూ ఒకే స్థానంలో ఉండేటట్టు ఒక పన్ను జరిపి దించితే సరిపోతుంది.

నిజంగా చక్రమే జారితే, ఇరుసునూ చక్రం రంధ్రాన్నీ ఆల్కహాల్‌తో తుడిచి, బేరింగులు కదలకుండా పట్టే లోహపు జిగురు ఒక చుక్క వేసి, బాగున్న ఇరుసు కోణాన్ని చూసుకుంటూ కూర్చోబెట్టి, ఆ జిగురు డబ్బా మీద రాసిన సమయం పూర్తిగా గడిచేదాకా కదపకుండా ఉంచాలి. క్షణాల్లో అంటుకునే మామూలు జిగురు వాడకండి. సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు, దాని ఆవిరి పక్క భాగాల మీద తెల్లటి పొర కడుతుంది.

7. గేరు పెట్టె

మూత తీయగానే గ్రీజు రంగు చూడండి. తేనె రంగులో మెత్తగా ఉంటే మంచిది. గోధుమరంగు మైనంలా గట్టిపడి, పళ్ళ పక్కకు తోసుకుపోయి, పళ్ళ మీద ఏమీ మిగలకపోతే ఆ గేరు ఎండి తిరుగుతోందన్నమాట. నల్లటి గ్రీజులో మెరుపులు కనిపిస్తే లోహం అరుగుతోంది.

పాత గ్రీజు పూర్తిగా పోయేదాకా టూత్ బ్రష్‌తో, ఆల్కహాల్‌తో కడగండి. పాతదాని మీద కొత్తది పూయడం వల్ల ఇసుక లోపలే ఉండిపోతుంది. కిరోసిన్, థిన్నర్ ప్లాస్టిక్ పెట్టెకు వాడవద్దు; కొన్ని ప్లాస్టిక్‌లు వాటికి మెత్తబడి, కొన్ని నెర్రెలు విచ్చుతాయి.

ఇప్పుడు పళ్ళచక్రాన్ని వెలుతురులో ఒక్కొక్క పన్నుగా తిప్పుతూ చూడండి. లోహపు ఇరుసు మీదికి బిగుతుగా దిగ్గొట్టిన ప్లాస్టిక్ పళ్ళచక్రం ఎప్పుడూ సాగదీసిన స్థితిలోనే ఉంటుంది కాబట్టి, ఏళ్ళు గడిచాక మధ్య రంధ్రంనుంచి రెండు పళ్ళ మధ్య గాడి దాకా వెంట్రుకంత చీలిక వస్తుంది. అది మామూలుగా కంటికి కనపడదు. గోటితో పళ్ళచక్రం అంచును పక్కకు నెడుతూ చూస్తే చీలిక తెరుచుకుని మూసుకుంటుంది.

చీలిక దొరకకపోతే మార్కర్ పరీక్ష చేయండి. ఇరుసు మీదినుంచి పళ్ళచక్రం బొడ్డు మీదికి ఒకే గీత గీయండి. మూత వేయకుండా ఇంజినును రెండు నిమిషాలు నడిపి, చక్రాలను గుడ్డతో కొంచెం అదిమి భారం ఇవ్వండి. ఆపి చూసినప్పుడు గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే పళ్ళచక్రం ఇరుసు మీద జారుతోంది. ఇక అనుమానానికి తావు లేదు.

చీలిన పళ్ళచక్రాన్ని జిగురుతో అతికించడం తాత్కాలికం కూడా కాదు. చీలిక దగ్గర రెండు పళ్ళ మధ్య దూరం ఒకసారి పెరిగాక ఎంత అతికించినా “టిక్” శబ్దం పోదు, వర్మ్ ఆ పన్నును ప్రతి చుట్టులో కొడుతుంది. కొత్తది తెప్పించుకోవాలి. నిటారు పళ్ళున్న చక్రమైతే ఆర్డరుకు కావలసిన అంకెలు ఇవి:

- పళ్ళ సంఖ్య
- బయటి వ్యాసం
- మధ్య రంధ్రం వ్యాసం, చక్రం మందం
- మాడ్యూల్: బయటి వ్యాసాన్ని పళ్ళ సంఖ్యకు రెండు కలిపిన అంకెతో భాగిస్తే వస్తుంది, 14 పళ్ళు, 16 మి.మీ. వ్యాసం ఉంటే మాడ్యూల్ 1

ఏటవాలు పళ్ళున్న చక్రానికి ఈ లెక్క సరిపోదు. దానికి ఇంజిను మోడల్ నంబరు చెప్పి ఆ భాగాన్నే అడగాలి.

కొత్త పళ్ళచక్రం వేశాక వర్మ్ దానికి మరీ బిగుతుగా ఆనకూడదు. సాధారణ జిరాక్సు కాగితం ముక్కను రెండింటి మధ్య పెట్టి, అది నలిగీ చిరగకుండా బయటికి వచ్చేటట్టు ఖాళీ ఉంచండి. ఆ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. వర్మ్ కడ్డీని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. కొద్దిగా కదలాలి, కానీ టకటకలాడకూడదు. ఎక్కువ ఆడుతుంటే సన్నని వాషర్లు ఒక్కొక్కటిగా వేసి తగ్గించండి, ప్రతి వాషరు తరువాత మళ్ళీ తిప్పి చూడండి.

8. మోటారు

మోటారు గురించి చెప్పవలసింది తక్కువ. ఒంటరిగా నడిపినప్పుడు శబ్దం సమంగా ఉండి, అంకె నిలకడగా ఉంటే దాన్ని ముట్టుకోకండి. బ్రష్షులు మార్చే వీలున్న మోటారైతే రెండు బ్రష్షుల పొడవు చూడండి. ఒకటి బాగా పొట్టిదైతే రెండూ కలిపి మార్చాలి. కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనే రాగి భాగం) నల్లబడితే ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడవండి, గరుకు కాగితంతో రుద్దవద్దు. మూతబిగించిన చిన్న మోటార్లను విప్పే ప్రయత్నం కన్నా మార్చడమే నయం. కొత్త మోటారు వోల్టేజి, కడ్డీ వ్యాసం, పొడవు, స్క్రూ రంధ్రాల దూరం పాతదానితో సరిపోవాలి.

9. నూనె, గ్రీజు

మన ఇళ్ళలో అందుబాటులో ఉండే కొబ్బరినూనె ఇంజినుకు పనికిరాదు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో సీసాలో చూస్తూనే ఉంటాం. బుష్‌లోనూ అదే జరుగుతుంది, పైగా కొన్నాళ్ళకు జిగటగా మారుతుంది. వాహనాలకు వాడే చిక్కటి గ్రీజు చిన్న మోటారుకు బరువు. తుప్పు వదిలించే స్ప్రేలు ఉన్న నూనెను కూడా కడిగేస్తాయి గనుక వాటిని కందెనగా వాడకూడదు.

- బుష్‌లు, క్రాంక్ పిన్నులు: కుట్టుమిషన్ నూనె, సిరంజి సూది మొన నుంచి ఒక్కొక్క చుక్క
- వర్మ్, పళ్ళచక్రాలు: ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు, పళ్ళు తడిసేటంత
- మోటారు కొసల బుష్‌లు: సగం చుక్క, కమ్యుటేటర్ వైపు మరీ జాగ్రత్త
- కరెంటు లాగే పాదాలు, చక్రాల పైభాగం, రబ్బరు టైర్లు: ఏమీ వేయకూడదు

నూనె వేశాక బయటికి కారినదాన్ని తుడిచేయండి. బయట మిగిలిన ప్రతి చుక్కా ఎర్రమట్టి దుమ్మును పట్టి ఉంచుతుంది.

10. సముద్రపు గాలి, వాన

విశాఖ గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. ఉక్కు స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, ఇత్తడి మీద పచ్చటి పొర పేరుకుంటుంది. బిగుసుకున్న స్క్రూను బలవంతంగా తిప్పితే తల అరుగుతుంది; ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలి, మరునాడు ముందు కొంచెం బిగించి తరువాత వదులు చేయండి. విప్పిన వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అయితే కరెంటు వెళ్ళే చోట ఉన్న ఇత్తడి స్క్రూను మార్చకండి.

ఏసీ గదిలో ఉంచిన ఇంజినును నేరుగా ఎండాకాలపు పెరట్లోకి తేవద్దు. చల్లని లోహం మీద తేమ నీటి బొట్లుగా పేరుకుని గేరు పెట్టెలోకి దిగుతుంది. మూత ఉన్న డబ్బాలోనే అరగంట బయట ఉంచి, తరువాత తీయాలి. నిల్వ ఉంచే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని అప్పుడప్పుడు ఆరబెడుతూ ఉండాలి.

తుపాను వానలో తడిసిన ఇంజినుకు కరెంటు ఇవ్వకండి. బ్యాటరీ తీసి, పై పెట్టె విప్పి, బురద చేరితే మంచినీళ్ళతో కడిగి, ఆ నీటిని ఆల్కహాల్‌తో తరిమి, నీడలో గాలికి ఆరనివ్వాలి. తడిసిన బుష్‌లలో నూనె మిగలదు కాబట్టి ఆరాక 9వ భాగం మొత్తం మళ్ళీ చేయాలి. తడిసిన లిథియం బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే దాన్ని తిరిగి వాడకూడదు.

11. తిరిగి బిగించడం, పరీక్షించడం

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను రంధ్రంలో పెట్టి ముందుగా ఎడమవైపు తిప్పండి. పాత మరలు కలిసినప్పుడు వేలికి చిన్నగా “టక్” మని తగులుతుంది. అప్పుడు కుడివైపు తిప్పి బిగించండి. ఇలా చేయకపోతే స్క్రూ ప్రతిసారీ కొత్త మర కోసుకుని, నాలుగైదుసార్లకు రంధ్రం పట్టు వదిలేస్తుంది.

- మూత కింద వైరు నలగలేదు కదా
- డబ్బాలో స్క్రూ, వాషరు మిగలలేదు కదా
- రాడ్లు గుర్తు ప్రకారం, సరైన ముఖం బయటికి ఉన్నాయి కదా
- ఇరుసులు పక్కకు కొద్దిగా కదులుతున్నాయి కదా
- బరువు దిమ్మలు తిరిగి వాటి చోట చేరాయి కదా

స్పాంజి మీద తలకిందులుగా, తక్కువ వోల్టేజి దగ్గర, ముందుకు పది నిమిషాలు, వెనక్కు పది నిమిషాలు నడపండి. తరువాత పట్టా మీద పెట్టెలు లేకుండా, ఆ తరువాత రెండు పెట్టెలతో, చివరగా మొత్తం రైలుతో. ఒక మెట్టులో లోపం కనిపిస్తే వెనకటి మెట్టుకు రావాలి గాని వోల్టేజి పెంచి నెట్టుకురాకూడదు.

రైలు ఇరవై నిమిషాలు తిరిగాక మోటారు ఉన్నచోట చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే 3వ భాగంలోని మూడు కొలతలూ ఆ వేడి మీదే మళ్ళీ తీయండి. చల్లగా ఉన్నప్పటి అంకెల కంటే మొదటి, రెండవ కొలతలు పెరిగి, మూడవది పెరగకపోతే, వేడికి సాగిన వర్మ్ కడ్డీకి చోటు చాలడం లేదు. 7వ భాగంలో వేసిన వాషర్లలో ఒకటి తీసేయండి.